రూటర్ గుమ్మం దగ్గర, నెట్ కావాల్సింది మేడ మీద

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య పేపర్లో చూసినా ఫోన్లో చూసినా వైఫై బూస్టర్ల యాడ్లే కనపడుతున్నాయి, ఇది గుచ్చితే చాలు ఇల్లంతా ఫుల్ సిగ్నల్ అని. నేనూ నమ్మి ఒకటి కొని రెండు నెలలు తిప్పలు పడ్డాను కాబట్టి రాస్తున్నా, ఇంకొకళ్ళకి పనికొస్తుందేమోనని.

మాది పాలకొల్లులో రెండంతస్తుల ఇల్లు. కిందటేడాది ఫైబర్ నెట్ పెట్టించాం, 100 ఎంబీపీఎస్ ప్లాను. బిగించడానికొచ్చిన కుర్రాడు మిట్టమధ్యాహ్నం ఎండలో స్తంభం నుంచి తీగ లాక్కొచ్చి, వరండా కిటికీ పక్కన డ్రిల్లుతో ఒక బెజ్జం పెట్టి, దానికి జానెడు దూరంలో హాల్లో టీవీ వెనకాల రూటర్ బిగించేశాడు. మధ్య గదిలో పెట్టు బాబూ అంటే "ఇంతకంటే కేబుల్ లేదండి బాబాయ్ గారూ, అయినా వంపులు ఎక్కువైతే ఫైబర్ విరిగిపోద్దండి" అన్నాడు. వంపుల మాట నిజమే, పాపం అబద్ధం చెప్పలేదు. కానీ ఆ డబ్బా నుంచి మామూలు నెట్‌వర్క్ కేబుల్ లోపలికి లాగి ఇంకో రూటర్ పెట్టుకోవచ్చని మాత్రం చెప్పలేదు, నాకూ తెలీదు. మా ఆవిడ దుమ్ము పడుతుందని దానిమీద ఒక తువ్వాలు కూడా కప్పింది, అది వేడెక్కి మధ్యమధ్యలో ఆగిపోయేది, అది వేరే కథ.

మా కోడలు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది, ఆ అమ్మాయి గది మేడ మీద. అక్కడ స్పీడు చూస్తే 6, బాగా వస్తే 8. మీటింగ్ ఉన్నప్పుడల్లా లాప్‌టాప్ పట్టుకుని మెట్లమీద కూర్చునేది, మేం పైకీ కిందకీ తిరగాలంటే ఆ అమ్మాయిని దాటుకుంటూ పోవాలి. అప్పుడు కొన్నాం బూస్టర్, పదిహేను వందలు. తెచ్చి మేడమీద గదిలోనే ప్లగ్గులో పెట్టాం, సిగ్నల్ లేనిది అక్కడే కదా. ఫోన్లో గీతలు నిండా వచ్చేశాయి, అందరం సంబరపడ్డాం, తీరా చూస్తే వీడియో గిరగిరా తిరుగుతూనే ఉంది!

తర్వాత అర్థమైందేంటంటే ఆ గీతలు ఫోనుకీ బూస్టర్‌కీ మధ్య సిగ్నల్ ఎంతుందో చెప్తాయంతే, బూస్టర్‌కి రూటర్ నుంచి ఎంత అందుతుందో చెప్పవు. దానికే సరిగ్గా అందనప్పుడు అది మనకేం పంచుతుంది? సగం దారిలో, అంటే మా ఇంట్లో మెట్ల మలుపు దగ్గర పెడితే కొంచెం నయం, 18 దాకా వచ్చింది. అంతకుమించి రాదు, ఎందుకంటే ఈ చౌక బూస్టర్లు ఒకే బ్యాండ్ (అంటే ఒకే రేడియో దారి) మీద అటు విని ఇటు చెప్పాలి, రెండూ ఒకేసారి చెయ్యలేవు, స్పీడు సగానికి పడిపోతుంది. ఇంకా పవర్ ఎక్కువది కొనమని షాపతను అన్నాడు. కానీ రూటర్ ఎంత గట్టిగా అరిచినా జవాబు చెప్పాల్సింది ఫోను కదండీ, దాని గొంతు చిన్నదే.

అసలు దూరం కాదండీ సమస్య. మా జిల్లాలోనే భీమవరం చుట్టుపక్కల బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళు చాన్నాళ్ళ కిందట అశ్విని అని ఒక ప్రాజెక్టు నడిపారు, టవర్ల మీద యాంటెన్నాలు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి ఈ వైఫై టెక్నాలజీతోనే కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళు కలిపి, టెలిమెడిసిన్, పాఠాలు అన్నీ దానిమీదే అందించేవాళ్ళు. వరిచేల మీద అడ్డం ఏముంటుంది? మా ఇంట్లో మాత్రం ముప్పై అడుగులకే దిక్కులేదు, ఎందుకంటే ముందు టీవీ, తర్వాత నిలువుటద్దం ఉన్న ఇనప బీరువా, ఆపైన ఊచలు అల్లిన స్లాబ్. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడల్ని కాస్త దాటుతుంది, 5 గిగాహెర్ట్జ్ స్పీడెక్కువ గానీ స్లాబ్ దగ్గర నీరసపడిపోతుంది.

చివరికి మా అబ్బాయి సెలవులకొచ్చినప్పుడు ఒక పని చేశాడు. మేం డిష్ తీసేసి మూడేళ్ళయింది, డాబా మీంచి హాల్లోకొచ్చే దాని తీగ పైపులో ఊరికే పడుంది. ఆ తీగ చివర 20 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ టేపుతో చుట్టి, కింద నుంచి నేను అందిస్తుంటే పైనుంచి వాడు లాగాడు, పావుగంట పని. ఈ నెట్‌వర్క్ కేబుల్ లోపల రాగి తీగైతే 100 మీటర్ల దాకా స్పీడు తగ్గదంట. అటకమీద పడేసిన పాత రూటర్ దించి దాంట్లో డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ అడ్రసులు పంచే పని, ఆపేసి (అది కింది రూటర్ చూసుకుంటుంది), దాని అడ్రసు కింది రూటర్‌తో కలవకుండా 192.168.1.2 అని మార్చి, కేబుల్‌ని బయటి నెట్ కోసం వ్యాన్ (WAN) అని రాసున్న దాంట్లో కాకుండా ఇంట్లోవాటి కోసం ఉండే లాన్ (LAN) పోర్టులో గుచ్చాడు. ఇప్పుడు మేడమీద 90 వస్తోంది. బూస్టర్ అల్మారాలో ఉంది, ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తా.

ఇంకోటి, ఇవి వైఫై బూస్టర్లు కాబట్టి కేసులేం లేవు, అదే మొబైల్ సిగ్నల్ బూస్టర్ పర్మిషన్ లేకుండా పెట్టుకుంటే చట్టరీత్యా నేరం, చుట్టుపక్కల వాళ్ళ ఫోన్లకి సిగ్నల్ కూడా పాడవుతుంది. ఆన్‌లైన్లో రెండూ పక్కపక్కనే అమ్ముతారు, చూసుకోండి.

నెట్ కంపెనీల వాళ్ళని నేనడిగేది ఒక్కటే, గుమ్మం దగ్గర బిగించి పారిపోకుండా ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుని పనిచేస్తారో అడగండి, కేబుల్ ఖర్చు మేమే పెట్టుకుంటాం. ఇళ్ళు కట్టేవాళ్ళు కూడా ఫ్యాన్లకి వేసినట్టే నెట్‌కీ ఒక పైపు వెయ్యాలి, స్లాబ్ పోశాక కొట్టుకోవడం కష్టం. మా ఎదురింట్లో మొన్ననే స్లాబ్‌కి ఊచలు కట్టారు, ఎలక్ట్రీషియన్ ఏసీకి, ఇన్వర్టర్‌కి, సీసీ కెమెరాలకి అన్నిటికీ పైపులు పరిచాడు. వైఫైకి వేశావా అబ్బాయ్ అని అడిగా.

"అది వైర్‌లెస్ కదండీ" అన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు, పాలకొల్లు