ఆ మాట అడగడానికి ఒక మనిషిని ఇవ్వండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఐసీయూ నర్సుని. అవయవదానం మీద ప్రచారం జరుగుతోంది, సంతోషం. నేను రాస్తున్నది ఆ ప్రచారం చేరని చోటు గురించి: ఐసీయూలో బ్రెయిన్ డెత్ అయినవాళ్ళ కుటుంబంతో అవయవదానం మాట మాట్లాడే పనికే ఒక నర్సు కావాలి.

ఒక రాత్రి ఒక పెద్దావిడ కొడుకు అరికాళ్ళు పట్టుకుని చూసి, "ఒళ్ళు వెచ్చగానే ఉంది కదమ్మా, పోయాడంటారేంటి?" అని నన్నడిగింది. బ్రెయిన్ డెత్ అని డాక్టర్లు అప్పటికే నిర్ధారించారు. వెంటిలేటర్‌తో ఛాతీ లేస్తోంది, మానిటర్ మీద గుండె కొట్టుకుంటోంది. పక్కన కూర్చుని చెప్పాల్సింది: ఇది కోమా కాదని, మెదడు పూర్తిగా ఆగిపోయాక సొంతంగా ఊపిరి రాదని, మెషీన్ గాలి పంపుతున్నందుకే గుండె ఆడుతోందని. కానీ పక్క బెడ్ పేషెంటుకు బీపీ పడిపోతోంది. "డాక్టరు గారు వచ్చి చెబుతారమ్మా" అని పరుగెత్తాను. ఆవిడకు ఇంకా నమ్మకం కుదరకముందే డాక్టరు వచ్చి అవయవాల మాట అడిగేశారు. వాళ్ళు వద్దన్నారు. వాళ్ళను తప్పుపట్టను. డాక్టరునీ తప్పుపట్టను, ఎలా అడగాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఈ పనికే శిక్షణ పొందిన నర్సు ఉంటే ముందు ఆ తల్లి ప్రశ్నకు జవాబు దొరికేది. చనిపోయాడన్న సంగతి ఇంటివాళ్ళ మనసుకు ఎక్కాకే దానం మాట వస్తుంది. ఒప్పుకుంటే పాత జబ్బుల వివరాలు, రక్త పరీక్షలు, మార్పిడి బృందాలకు ఫోన్లు. ఆ లోపు శరీరాన్ని కాపాడుకోవడం ఇంకో యుద్ధం: మెదడు పోయాక బీపీ నిలవదు, మూత్రం ధారగా పోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. గుండెనైతే బయటికి తీశాక సుమారు 4 గంటల్లో అమర్చాలి. ఇదంతా డ్యూటీ నర్సు చేతి మీద పెడితే అయ్యే పని కాదు.

చట్టం మారిస్తే చాలనే వాళ్ళకు స్పెయిన్ సంగతి చెబుతాను. అక్కడ వద్దని చెప్పనివాళ్ళంతా ఒప్పుకున్నట్టే అనే చట్టం 1979లోనే వచ్చింది. దాతలు పెరిగింది మాత్రం 1989లో అవయవ మార్పిడికి జాతీయ సంస్థ పెట్టి, ఆస్పత్రుల్లో ఈ పని చూసే కోఆర్డినేటర్లను నిలబెట్టాకే. అక్కడ ఆ కోఆర్డినేటర్లు ఎక్కువగా ఐసీయూ డాక్టర్లే. కుటుంబాన్ని ఇప్పటికీ అడుగుతారు. బ్రిటన్ 2008 తర్వాత ప్రత్యేక నర్సుల్ని, ఆస్పత్రికో బాధ్యుడైన డాక్టరుని పెట్టింది. ఐదేళ్ళలో మరణానంతర దాతలు సగం మేర పెరిగారు.

అయ్యా, దీన్ని ఉన్న నర్సులకే అదనపు బాధ్యతగా రాసి చేతులు దులుపుకోవద్దు. వేరే పోస్టు ఇవ్వండి, రాత్రిళ్ళు పిలిస్తే వచ్చే ఏర్పాటు చేయండి, శిక్షణ ఇప్పించండి. చికిత్స చేసే బృందానికి, ఈ నర్సులకు మధ్య గీత స్పష్టంగా ఉండాలి. లేకపోతే అవయవాల కోసమే వదిలేశారన్న అనుమానం వస్తుంది. ఎన్ని "సరే"లు తెచ్చారని వాళ్ళకు టార్గెట్ పెట్టకండి. వద్దన్న కుటుంబం దగ్గర కూడా ఆ నర్సు అంతసేపూ కూర్చోగలగాలి.

ఇట్లు,
ఒక ఐసీయూ నర్సు