బుజ్జి బడి గురించి నాన్నకి

లూకన్, డబ్లిన్

నాన్నా,

మీరు బుజ్జి స్కూలు గురించి దిగులు పెట్టుకున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. బళ్ళో ప్రార్థన లేదంట, దేవుడి పేరెత్తరంట, పిల్ల ఏమైపోతుందో అన్నారట. ఫోన్లో అయితే ఇద్దరం రెండు నిమిషాల్లో గొంతు పెంచేస్తాం, అందుకని తీరిగ్గా రాస్తున్నా, చివరిదాకా చదవండి.

ముందు ఇక్కడి పద్ధతి చెప్పాలి. ఐర్లాండ్‌లో ప్రైమరీ స్కూళ్ళు 3,000కు పైగా ఉంటే నూటికి దాదాపు 90 క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనే నడుస్తాయి. టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, లెక్కలూ ఇంగ్లీషూ ఐరిష్ భాషా అన్ని చోట్లా ఒకటే, కానీ బడి ఏ విలువల మీద నడవాలో తేల్చేది 'పేట్రన్', అంటే చాలా చోట్ల ఆ ప్రాంతపు బిషప్ గారు. మన ఎయిడెడ్ స్కూళ్ళ లాంటివే అనుకోండి. కాకపోతే మనకి ఎయిడెడ్ స్కూలు నచ్చకపోతే ఊళ్ళోనే సర్కారు బడి ఉంటుంది, ఇక్కడ చాలా ఊళ్ళలో ఆ రెండో దారి లేదు.

2018 దాకా సీట్లు సరిపోని స్కూళ్ళు బాప్తిస్మం తీసుకున్న పిల్లలకి ముందు సీటు ఇవ్వొచ్చు. చర్చి మొహం చూడని తల్లిదండ్రులు కూడా కేవలం బడి కోసం పిల్లలకి బాప్తిస్మం ఇప్పించుకునేవాళ్ళు. 2007లో డబ్లిన్‌కి ఉత్తరాన ఉన్న బాల్‌బ్రిగన్‌లో ఎక్కడా సీటు దొరకని పిల్లల కోసం అప్పటికప్పుడు ఒక కొత్త బడి తెరవాల్సి వచ్చింది, చేరిన పిల్లల్లో దాదాపు అందరూ ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళే. అక్కడ ఎవరూ పిల్లల రంగు అడగలేదు, బాప్తిస్మం అయిందా లేదా అన్నదే చూశారు, అయినా చివరికి విడిగా మిగిలింది ఆ నల్ల పిల్లలే. ఇలాంటివన్నీ చూశాకే 2018లో చట్టం మార్చి క్యాథలిక్ ప్రైమరీ స్కూళ్ళలో ఆ పద్ధతి తీసేశారు.

ఇప్పుడు ఏ పిల్లలైనా చేరొచ్చు, మన తెలుగువాళ్ళ పిల్లలు చాలామంది ఆ స్కూళ్ళలోనే చదువుతున్నారు, సంతోషంగానే ఉన్నారు. ఆ టీచర్లని నేను ఒక్క మాట అనను. మన నాయనమ్మకి నాలుగు అక్షరాలు వచ్చాయంటే గుంటూరు లూథరన్ మిషన్ బడి పుణ్యమే కదా, నేనెలా మర్చిపోతాను! నాకు మనసొప్పనిది ఇంకొకటి. ఇక్కడ సెకండ్ క్లాస్‌లో, అంటే ఏడెనిమిదేళ్ళప్పుడు, ఫస్ట్ కమ్యూనియన్ ఉంటుంది, అంటే క్యాథలిక్ పిల్లలు చర్చిలో మొదటిసారి ప్రసాదంలా రొట్టె తీసుకునే వేడుక. ఆ ఏడాదంతా క్లాసులో దాని తయారీయే, పాటలు, ప్రార్థనలు, తర్వాత తెల్ల గౌన్లు, ఫోటోలు, విందులు. మాతో పనిచేసే నెల్లూరు అబ్బాయి కొడుకు ఆ సమయంలో వెనక బల్ల మీద కూర్చుని బొమ్మలకి రంగులు వేసుకుంటాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనరు, టీచరమ్మ వాడితో ప్రేమగానే ఉంటుంది. కానీ ఆ వయసులో క్లాసంతా ఒకటి చేస్తుంటే తనొక్కడే పక్కన ఉండటం ఎలా ఉంటుందో మీరే చెప్పండి, ఏళ్ళ తరబడి పిల్లల మధ్య గడిపినవారు మీరు.

మీరు పదో తరగతికి ఆదేశిక సూత్రాలు చెప్పేటప్పుడు ఐర్లాండ్ నుంచి తీసుకున్నాం అని చెప్పేవారు, గుర్తుందా? ఆ 1937 రాజ్యాంగంలోనే 44వ అధికరణం ఉంది. ప్రభుత్వ డబ్బు తీసుకునే బడిలో మతబోధనకి కూర్చోకుండానే చదువుకునే హక్కు పిల్లలకి ఉందని అందులో రాసుకున్నారు. మన 28వ అధికరణం దీనికి దగ్గరదే, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బళ్ళో మతబోధన అసలే ఉండకూడదు, ఎయిడెడ్‌లో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా కూర్చోబెట్టకూడదు. కాగితం మీద హక్కు ఉంది, బళ్ళో అది వెనక బల్లగా మారింది.

బుజ్జి చదివేది ఎడ్యుకేట్ టుగెదర్ అనే, ఏ చర్చికీ చెందని సంస్థ స్కూల్లో. 1970ల్లో డబ్లిన్ దగ్గర డాల్కీలో కొందరు తల్లిదండ్రులు, మా పిల్లలందరూ ఒకే గదిలో చదవాలి అని పట్టుబట్టి తిరిగి తిరిగి 1978లో ఒక బడి సాధించుకున్నారు. ఇప్పుడు అలాంటి ప్రైమరీ స్కూళ్ళు 90కి పైగా ఉన్నాయి. మీలాంటి సోషల్ మాస్టారికి ఇంకో సంగతి చెప్పాలి. 1831లో ఇక్కడ ప్రభుత్వ బళ్ళు మొదలైనప్పుడు స్టాన్లీ అనే మంత్రి రాసిన ఉత్తరంలో ఉన్నదీ ఇదే, క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు చదువు కలిసి చదవాలి, మతపాఠం విడిగా చెప్పించుకోవాలి అని. తర్వాత చర్చిలు ఎవరికి వారు పట్టుబట్టి బళ్ళని పంచేసుకున్నారు. అంటే ఆ డాల్కీ వాళ్ళు అడిగింది విపరీతమైన కోరిక ఏమీ కాదు.

ఇక దేవుడి పేరెత్తరన్న మాట. నాన్నా, ఈ బళ్ళో ఎత్తినన్ని దేవుళ్ళ పేర్లు మా చిన్నప్పుడు మేం వినలేదు. రంజాన్ వస్తే ఆ పిల్లలు ఉపవాసం గురించి చెప్తారు, క్రిస్మస్‌కి పశువుల పాక కథ, వైశాఖ పూర్ణిమకి బుద్ధుడి కథ. దీపావళికి తల్లిదండ్రుల్ని పిలిస్తే నేను వెళ్ళి నరకాసురుడి కథ చెప్పాను, సత్యభామ యుద్ధం చేసిందనగానే ఆడపిల్లలందరూ నిటారుగా కూర్చున్నారు! ఇవన్నీ తెలుసుకోవడానికే, ఫలానాది నమ్మండి అని ఎవరూ చెప్పరు. కమ్యూనియన్ కావాలనుకున్న క్యాథలిక్ పిల్లలకి బడి వేళలు అయ్యాక ఆ తల్లిదండ్రులే క్లాసులు ఏర్పాటు చేసుకుంటారు.

ఏ మతమూ లేని ఇళ్ళ పిల్లలూ ఉన్నారు, ఈ దేశంలో ఇప్పుడు ఏ మతమూ లేదని చెప్పేవాళ్ళు 2022 జనాభా లెక్కల్లో నూటికి 14 మంది. బుజ్జి స్నేహితుడొకడు మా ఇంట్లో దేవుడు లేడు అన్నాడట, ఇది ఇంటికొచ్చి మరి వాళ్ళు పరీక్షలప్పుడు ఎవరికి దణ్ణం పెడతారమ్మా అని అడిగింది. అప్పుడు నేను దానికి విజయవాడ పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం గురించి చెప్పాను, తాతయ్య పూజ చేసుకునేవారే అయినా ఆ గోరా గారంటే ఆయనకి ఎంత గౌరవమో చెప్పాను. చాలాసేపు ఆలోచించి, అయితే వాడు మంచివాడే అంది. ఆ మాట ఆ వయసులో అనగలిగితే నాకు చాలు.

ఇబ్బందులు లేవని కాదు. ఈ స్కూళ్ళు చాలా ఊళ్ళలో లేవు, ఉన్నచోట సీట్లు దొరకడం కష్టం, మాకు దొరికేదాకా పడ్డ టెన్షన్ మీకు చెప్పలేదు. మీకు అస్సలు నచ్చనిది ఒకటుంది, పిల్లలు టీచర్లని పేరు పెట్టి పిలుస్తారు. నాకూ మొదట్లో చెవికి గుచ్చుకునేది.

శుక్లాంబరధరం నేర్పడం నా పని, మీ అల్లుడి పని, రోజూ స్నానం అయ్యాక చెప్పిస్తున్నాం. మన ఊళ్ళో పీర్ల పండక్కి వీధిలో అందరం బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళం, దానివల్ల మన ఇంటి పూజ ఏమైనా తగ్గిందా చెప్పండి. దీనికీ అంతే.

జనవరిలో సంక్రాంతి గురించి క్లాసులో చెప్పమన్నారు. హరిదాసు గురించి, గొబ్బెమ్మల గురించి మీరూ అమ్మా కలిసి ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, నేను ఇంగ్లీషులో చెప్తాను. పాట అమ్మే పాడాలి, మధ్యలో మీరు సరిదిద్దకండి. బీపీ మాత్ర మానకండి.

మీ చిన్నమ్మాయి