ఆరోగ్య శాఖ మంత్రి గారికి: ఐసీయూలో డయాఫ్రమ్ చూసుకునే వీలు కల్పించండి

మంత్రి గారికి నమస్కారం.

నేను ప్రభుత్వాసుపత్రి ఐసీయూలో పనిచేసే మత్తు డాక్టర్ని. కట్లపాము కరిచినవాళ్లు, పురుగుల మందు తాగినవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. వీళ్లలో చాలామందికి ఊపిరి లాగే కండరాలే పడిపోతాయి. వాటిలో ముఖ్యమైనది డయాఫ్రమ్, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం. పురుగుల మందు కేసుల్లో మనిషి తేరుకున్నాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేలోపే, రెండో రోజో మూడో రోజో తల ఎత్తలేకపోతాడు, ఆ వెంటనే వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది.

ఇక వెంటిలేటర్ కోసం గొంతులో వేసిన ట్యూబ్ ఎప్పుడు తీయాలన్నదే అసలు టెన్షన్. తొందరపడితే మళ్లీ వేయాలి. ఆలస్యం చేస్తే న్యుమోనియా భయం ఒకటి, పైగా మెషీనే ఊపిరంతా అందిస్తుంటే డయాఫ్రమ్ పనిలేక చిక్కిపోతుంది, 18 నుంచి 69 గంటల్లోనే దాని పోగులు సన్నబడతాయని 2008లోనే పరిశోధకులు చూపించారు.

ఆ కండరం ఎలా ఉందో అల్ట్రాసౌండ్‌లో కళ్లారా చూడొచ్చు. కుడివైపు కింది పక్కటెముకల మధ్య లీనియర్ ప్రోబ్ (చర్మానికి దగ్గరగా ఉన్నవాటిని స్పష్టంగా చూపే స్కానింగ్ పరికరం) పెడితే రెండు తెల్ల గీతల నడుమ డయాఫ్రమ్ కనిపిస్తుంది. ఊపిరి వదిలినప్పుడు 2 మిల్లీమీటర్లు ఉన్నది, రోగి సొంతంగా లాగినప్పుడు 2.6 అయితే 30 శాతం మందమైనట్టు, అది మంచి సూచన. 20 శాతం కూడా లేకపోతే కండరం బలహీనంగా ఉన్నట్టు. సూది లేదు, రేడియేషన్ లేదు, మంచం దగ్గరే అయిపోతుంది, మర్నాడు మళ్లీ చూసి పోల్చుకోవచ్చు. ఇదొక్కటే చూసి ట్యూబ్ తీయం, స్పృహ, దగ్గే బలం, కఫం అన్నీ చూస్తాం, కానీ ఇప్పుడు డయాఫ్రమ్ సంగతి మాత్రం ఊహించుకోవాల్సి వస్తోంది.

ఎందుకంటే అల్ట్రాసౌండ్ మెషీన్ స్కానింగ్ గదిలో ఉంటుంది, రోగి వెంటిలేటర్ మీద ఉంటాడు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ప్రకారం ప్రతి మెషీనూ రిజిస్టర్ కావాలి, ఎవరు వాడాలన్నదానికీ నిబంధనలున్నాయి. ఆడపిల్లల్ని కాపాడటానికి వచ్చిన చట్టం అది, దాన్ని సడలించమని నేను అడగను. ఆ చట్టానికి లోబడే ఐసీయూకి ఒక మెషీన్, దానికి లీనియర్ ప్రోబ్ ఇప్పించండి, రిజిస్ట్రేషన్ ఫైలు జిల్లా ఆఫీసులో నెలల తరబడి ఆగకుండా చూడండి, ఐసీయూ డాక్టర్లు అవసరమైన శిక్షణ తీసుకునేలా సెలవు, సీట్లు కేటాయించండి.

అన్నిచోట్లా ఒకేసారి కుదరకపోతే, నేల మీద పడుకునేవాళ్లని కట్లపాము కాటేసే వానాకాలం రాకముందే, కనీసం జిల్లాకొక ఐసీయూలో మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ మత్తు డాక్టర్