తుర్కానా కరువు నిధి: మార్చి వానలకు ముందే బండి చేరాలి

ప్రభువునందు ప్రియమైన పెద్దలకు, అన్నలకు, అక్కలకు సంఘ కమిటీ తరఫున వందనాలు.

ఈ ఉత్తరం క్రిస్మస్‌కు ముందే మీకు అందాల్సింది. ఆలస్యం మాదే. కెన్యాలోని తుర్కానాలో కరువు సాయం కోసం ఫిబ్రవరి ఆఖరి ఆదివారం లోపు డబ్బు పోగు కావాలి, నిధి చూస్తే సగం దాటి ఆగిపోయింది. అందుకే ఈ టెన్షన్.

1876-78 నాటి ధాత కరువు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మనలో చాలామంది తాతముత్తాతలు ఒంగోలు చుట్టుపక్కల వాళ్లే. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల తవ్వకానికి ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు కూలి ఇప్పించారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాతే. ఆ మిషను నడిచిందంతా సముద్రం ఇవతల, మనం ఇప్పుడు కాపురాలు చేస్తున్న ఈ అమెరికా వాళ్ల చందాలతో. వాళ్లెవరూ మన ముఖం చూసి ఇవ్వలేదు.

కెన్యా ఉత్తరాన తుర్కానాలోనూ అంతే. 1960ల మొదట్లో కరువు సాయంతోనే మిషనరీలు అక్కడ అడుగుపెట్టారు. మేకలు, ఒంటెలే అక్కడి జనం ఆస్తి. 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకాలాలు తప్పాయి, మందలు చచ్చిపోయాయి. తర్వాత వానలు పడ్డా పోయిన మంద ఒక్క ఏడాదిలో తిరిగి రాదు కదా. మనం సాయం పంపే మిషను డిస్పెన్సరీలో నర్సులు ఇద్దరే. మతం అడగరు. పిల్లల జబ్బకు రంగుల పట్టీ చుట్టి చూస్తారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు. ఆ బిడ్డకు వేరుశనగ ముద్ద పొట్లాలు, ఒక్కోటి 92 గ్రాములు, వారాల తరబడి పెట్టాలి.

ఇక్కడే బండి సంగతి. కమిటీలో నా మోటార్ సైకిల్ పిచ్చి చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. పొట్లాలు గోదాములో ఉంటున్నాయి. బిడ్డ మాత్రం ఎక్కడో దూరాన గుడిసెలో ఉంటుంది. మొదటి వారం తల్లి ఎత్తుకుని నడిచి వస్తుంది. రెండో వారం నీళ్లకే పోవాలో, మిగిలిన మేకలనే చూసుకోవాలో, రాలేకపోతుంది. అప్పుడు నర్సే వెళ్లాలి. ఉన్న బండి ఇంజను పోయి ఏడాదవుతోంది. ఇసుకలో కూరుకోని టైర్లు, వెనక గట్టి క్యారియర్, రెండు పెట్రోలు డబ్బాలు ఉంటే చాలు. మార్చిలో వాన పడితే ఎండిన వాగులన్నీ ఒక్కసారిగా పొంగి దారులు తెగిపోతాయి. బండి ఆలోపే చేరాలి.

నీళ్ల ట్యాంకు, మందులు, నర్సుల జీతాలు కూడా ఉన్నాయి. ట్యాంకు మాటే రాయలేదని కోశాధికారి అన్నగారు కోప్పడతారు కాబట్టి రాస్తున్నాను. మొత్తం 18,000 డాలర్లు కావాలి, నిన్నటికి 10,400 వచ్చాయి. మిగతా లెక్క ఆయన దగ్గర చూసుకోవచ్చు.

మీరు ఇవ్వనివాళ్లు కారు. తుపాను వచ్చిన ఏడాది ఊళ్లకు పంపమంటే రెండు ఆదివారాల్లో పోగు చేశారు. మొన్న కోతకాలపు పండుగలో ఒక్క సొరకాయను 300 డాలర్లకు పాడారు! ఆ వేలంలో చెయ్యెత్తిన అన్నలు ఈ నిధి కవరు చూసి కళ్లు దించుకోవడం మాత్రం మాకు కాస్త బాధ అనిపించింది. కొత్త స్పీకర్లకు వారంలో డబ్బు వచ్చింది. పాట బాగా వినిపిస్తోంది, కాదనం. బైబిల్లో సారెపతు విధవరాలి తొట్టిలో మిగిలింది పిడికెడు పిండే, అయినా ముందు ఏలీయా ప్రవక్తకే రొట్టె చేసింది. మన తొట్లు అంతగా ఖాళీ అయ్యాయా?

స్త్రీల సమాజం అక్కలు పిడికెడు బియ్యం డబ్బాలు మళ్లీ మొదలుపెట్టారు. వాటిలో వచ్చింది తక్కువే అయినా నిధిలో ముందు పడింది అదే.

కవర్లు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. చెక్కు రాస్తే కింద ‘తుర్కానా’ అని రాయండి, లేకపోతే పార్కింగ్ నిధిలో కలిసిపోతుంది. పోయినసారి అలాగే అయ్యింది. ఆఖరి ఆదివారం ఆరాధన కాగానే లెక్కపెడతాం, సోమవారం పంపుతాం.

మీ సంఘ కార్యదర్శి, కమిటీ సభ్యులు