వీసా సరే, తేమ సంగతి?

సంపాదకులకు,

విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం మీరు వేసే వ్యాసాలు వదలకుండా చదువుతాను. వీసా, టికెట్, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, అన్నీ చెప్తారు. సామాను దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోకమంతా చలిదేశాలకే పోతున్నట్టు స్వెట్టర్ల దగ్గరే ఆగిపోతారు. ఏడాది పొడవునా తరచూ వాన, ఎటు చూసినా పచ్చదనం, తెల్లారేసరికే ఉక్కపోత ఉండే చోటికి, అంటే సింగపూరో, కోస్టారికా తూర్పు తీరమో, అమెజాన్ ప్రాంతమో వెళ్లేవాళ్ల గురించి కూడా ఎవరైనా రాయాలి కదా. అమెజాన్ వైపు రెండేళ్లు ఉండి వచ్చినవాణ్ణి, ఇప్పుడు మళ్లీ అటే వెళ్లడానికి సర్దుకుంటున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

మొదటిసారి, వేడి ప్రాంతమే కదా, పల్చటి బట్టలుంటే చాలనుకున్నాను. సామాను పంపిన ఏజెంటు ఇచ్చిన లిస్టులోనూ తేమ అన్న మాటే లేదు. రెండో ఏడాది ఒకరోజు ఏదో మీటింగుందని బీరువాలోంచి మంచి బూట్లు తీశాను. కొని ఏళ్లయినా పట్టుమని పదిసార్లు వేసుకోనివి. గుమ్మం దాటానో లేదో కాలి కింద ఏదో మెత్తగా నలిగినట్టయింది, వెనక్కి చూస్తే నేలంతా నల్లటి పొడి, సోల్ ముక్కలు ముక్కలుగా రాలిపోయి ఉంది. ఆ సోల్ పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌దట, వేడీ తేమా కలిస్తే అది లోపల్నుంచే విరిగిపోతుందని తర్వాత తెలిసింది. ఆ పక్కనే వేలాడుతున్న తోలు బెల్టు మీద ఆకుపచ్చ బూజు. కెమెరా లెన్సులోనైతే సాలెగూడు లాంటి సన్నటి గీతలు, అదీ ఫంగస్సే.

అందరూ ఇచ్చే సలహా ఒకటుంది, బట్టల మధ్య తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పడేయమని. నేనూ పడేశాను. లెక్క చూస్తే నవ్వొస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు, అదే 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములే. తేమ 85 శాతం ఉన్న రోజున మామూలు పడకగదిలోని గాలిలోనే ముప్పావు లీటరుకు పైగా నీళ్లున్నట్టు! 5 గ్రాముల పొట్లం మహా అయితే 2 గ్రాములు పీలుస్తుంది, తలుపు తీసిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. గాలి చొరబడని డబ్బాలో కెమెరాకి, సర్టిఫికెట్లకి ఆ పొట్లాలు బాగా పనికొస్తాయి, బీరువాకి మాత్రం దండగ. గదికి కావాల్సింది గాలిలోని తేమని లాగేసే యంత్రం, డీహ్యూమిడిఫైయర్, లేదంటే కనీసం గాలి ఆడటం. బీరువాని గోడకి ఆనించకుండా ఒక జానెడు జరపాలి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ వంటగది చూస్తారు, నేనైతే ముందు అలమర తెరిచి వాసన చూస్తాను. ముక్కిపోయిన వాసన వచ్చిందంటే ఎంత అందమైన ఇల్లయినా వద్దు.

బట్టల్లో కూడా నాకు అనుభవమైతే గానీ తెలియలేదు. మందపాటి నూలు బట్ట ఒకసారి తడిస్తే రోజంతా ఆరదు, జీన్స్ అయితే చెప్పక్కర్లేదు. పల్చటి, వదులైన, త్వరగా ఆరేవే తీసుకెళ్లాలి.

ఒంటి మాటకొస్తే, అక్కడ చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. శరీరం ఆ వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, కాబట్టి దిగిన మర్నాడే బరువులు మోసే పనులు పెట్టుకోవద్దు. దోమతెర కొన్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది, డెంగీ దోమ పగలే కుడుతుంది. పైగా డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒకసారి వచ్చినవాళ్లకి రెండోసారి వేరే రకం సోకితే ముదిరే ప్రమాదం ఎక్కువ. ఇంతకుముందు డెంగీ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. మలేరియా రాకుండా వేసుకునే మాత్రల్లో కొన్నింటిని ప్రయాణానికి వారాల ముందే మొదలుపెట్టాలి, అందుకని డాక్టరు దగ్గరికి ఆఖరి వారంలో పరిగెత్తితే లాభం లేదు.

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో ఈసారి నేను అనవసరంగా టెన్షన్ పడ్డాను. పదేళ్లకోసారి వేయించుకోవాలని ఇప్పటికీ చాలామంది చెప్తారు. 2016 జూలైలో ఆ నిబంధన మారింది, టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. కాకపోతే మొదటిసారి వేయించుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది, టీకా వేసిన 10 రోజుల తర్వాత గానీ అది చెల్లుబాటు కాదు. టికెట్ తేదీ అది చూసుకునే తీసుకోవాలి.

ఇవన్నీ మీ పేజీలో ఒక డాక్టరు చేత, అలాంటి చోట కాపురం ఉన్న ఇద్దరు ముగ్గురి చేత రాయిస్తే బాగుంటుంది. నాకు తెలియక పోగొట్టుకున్నవి బూట్లూ, ఒక లెన్సూ. ఈసారి సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి పెట్టాను, రబ్బరు సోల్ బూట్లు ఒక్క జతే కొన్నాను, వాటిని మాత్రం దాచిపెట్టకుండా రోజూ వేసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు