వార్షిక నివేదిక: 16,777 కిలోల దగ్గర ఆగిన లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో నెలకో ఆదివారం కలుసుకునే మన ఎలక్ట్రానిక్స్ సంఘం ఈ ఏడాది ఎక్కువ కాలం ఒకే ఒక బోర్డు మీద గడిపింది. దానికి నేను చింతించడం లేదు. చందాలు, విద్యార్థుల సోల్డరింగ్ తరగతులు ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చుల పట్టికను సభలో అందజేస్తాం. ఇక్కడ ఆ బోర్డు సంగతే రాస్తాను.

అది ఒక కారం మిల్లులో బెల్టు కాటాకు అమర్చినది. గ్రాము కారం దాటిన ప్రతిసారీ ఒక పల్సు (క్షణికమైన విద్యుత్ సంకేతం) వస్తుంది, బోర్డు మీది చిన్న కంప్యూటర్ చిప్పు, అంటే మైక్రోకంట్రోలర్, దాన్ని మొత్తానికి కలుపుతుంది. కొన్ని రోజులు సవ్యంగా కూడి, 16,777.216 కిలోల దగ్గర నిలిచిపోయింది. కారం పోతూనే ఉంది, అంకె కదలదు. సెన్సరు మార్చాం, తీగలు మార్చాం. రెండు సమావేశాలు అలాగే గడిచాయి. మూడోసారి, లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన మన సభ్యులొకరు ఆ అంకెను గ్రాముల్లో చదివారు. 1,67,77,216. "ఇది రెండుకు ఇరవై నాలుగో ఘాతం కదండీ!" అన్నారు. ఆ క్షణం గదిలో కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మొత్తాన్ని 32 బిట్ల (సున్నా, ఒకట్ల అంకెల) ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యగా, అంటే బిందువు స్థానం ఘాతాంకాన్ని బట్టి జరిగే రూపంలో, దాచారు. కంప్యూటర్లు ఇలాంటి సంఖ్యలను దాచే తీరును నిర్ణయించే ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం అందులో గుర్తుకు 1 బిట్టు, ఘాతాంకానికి 8, భిన్నానికి 23. రాయకుండానే ఉన్నట్టు లెక్కించే 1ని కలిపితే కచ్చితత్వం 24 బిట్లు. ఆ హద్దు, అంటే రెండుకు ఇరవై నాలుగో ఘాతం, దాటాక బేసి సంఖ్యలకు చోటు లేదు. ఒకటి కలిపితే ఫలితం రెండు సరి సంఖ్యల నడుమ పడుతుంది. అలా సరిగ్గా మధ్యలో పడినప్పుడు చివరి బిట్టు సున్నా ఉన్న వైపు సవరించాలన్నది నియమం. ఇక్కడ అది పాత సంఖ్యే. అందుకే లెక్క కదలలేదు. 1985లో వెలువడిన ఈ ప్రమాణానికి ప్రధాన రూపశిల్పి విలియం కహాన్. 1989 ట్యూరింగ్ పురస్కారం ఆయనదే. కూడికలో జారిపోయే భాగాన్ని వేరుగా దాచి తర్వాతి కూడికలో కలిపే పద్ధతి కూడా ఆయన పేరుతోనే ఉంది. ఒక ఆదివారమంతా దాన్ని బోర్డు మీద నడిపి చూశాం.

64 బిట్లకు మారిస్తే సరిపోతుందని కొందరు యువ సభ్యులు పట్టుబట్టారు. మార్చాం. అంకె కదిలింది, కానీ యంత్రం మందగించింది. ఆ చిప్పు కార్టెక్స్-ఎం4. దానిలోని ఫ్లోటింగ్ పాయింట్ విభాగానికి 32 బిట్ల లెక్కలే వచ్చు. 64 బిట్ల కూడికను సాఫ్ట్‌వేర్ ముక్కలు ముక్కలుగా చేయాలి.

చిప్పుకూ మెమరీకీ మధ్య సమాచారం నడిచే దారి అయిన బస్ గురించి నేర్చుకున్నది ఇక్కడే. ప్రోగ్రాములో ఫ్లోటింగ్ పాయింట్ వాడుతూ ఉంటే, ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ముందు దీన్ని చూడమనే పిలుపు; ఇక్కడ ప్రతి పల్సూ ఒకటి) వచ్చినప్పుడు, ఆపిన పని వివరాలు దాచడానికి మెమరీలోని స్టాక్‌లో కేటాయించే చోటు 8 పదాల (ఒక్కో పదం 32 బిట్లు) నుంచి 26 పదాలకు పెరుగుతుంది. ఇంటరప్ట్ కోడ్ కూడా ఆ లెక్కలను తాకితేనే చిప్పు ఆ అదనపు రిజిస్టర్లను (చిప్పు లోపల సంఖ్యలుంచే గళ్లను) మెమరీలో రాస్తుంది. మొదటి కోడ్ ప్రతి పల్సుకూ తాకేది. అంటే గ్రాము కారానికో విడత సరుకు బస్ మీద నడిచేది. అదే మెమరీలోంచి ప్రాసెసర్ ప్రమేయం లేకుండా తెరకు బొమ్మను పంపే డీఎంఏ విభాగం కూడా తన వంతు కోసం పోటీపడేది. మిర్చి సీజనులో యార్డు గేటు దగ్గర లారీలు నిలిచినట్టే.

చివరికి మొత్తాన్ని గ్రాముల్లో పూర్ణాంకంగా దాచాం. 32 బిట్ల పూర్ణాంకంలో 4,294 టన్నుల దాకా పడుతుంది. తెర బొమ్మను దాచే బఫరును వేరే మెమరీ బ్లాకుకు మార్చాం. ఇంటరప్ట్ మొదట్లో ఒక పిన్నును పైకి, చివర కిందికి మార్చి విద్యుత్ సంకేతాన్ని గీతగా చూపే ఆసిలోస్కోపులో చూస్తే ఆ పల్సు వెడల్పు, అంటే ఇంటరప్ట్‌కు పట్టే సమయం, బాగా తగ్గింది. బోర్డు మిల్లుకు తిరిగి వెళ్లింది, లెక్క సాగుతోంది.

వచ్చే ఏడాది ఫ్లోటింగ్ పాయింట్ విభాగమే లేని కార్టెక్స్-ఎం0 బోర్డుల మీద ఇవే కొలతలు తీసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. మన ఆసిలోస్కోపు ప్రోబు ఒకటి పాడైంది. ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురండి.

కార్యదర్శి