పోలమాంబ తల్లి గుడి: ఈ ఏటి జమా ఖర్చుల వివరం

వీధి పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పండగకి పుట్టింటికొచ్చి చందా ఇచ్చి వెళ్లిన ఆడపడుచులకు నమస్కారం.

తల్లి పండగ అయింది, తల్లిని సాగనంపే అనుపు కూడా అయింది. ఇక లెక్క చెప్పాలి.

కిందటేటి నిల్వ రూ. 18,640. ఇంటింటి చందాలు 212 ఇళ్ల నుంచి రూ. 2,14,300. హుండీని గుడి మెట్ల మీద దుప్పటి పరిచి అందరి ఎదుటే లెక్కపెట్టాం, రూ. 46,215 వచ్చింది. కొబ్బరికాయల కొట్టు పాటకి రూ. 15,000. అన్నసమారాధనకని విడిగా ఇచ్చినవి రూ. 38,500. మొత్తం జమ రూ. 3,32,655. బియ్యం బస్తాలు, అమ్మవారి చీరలు ఇందులో కలపలేదు. వాటికి వేరే పుస్తకం ఉంది.

ఖర్చులో పెద్దది గర్భగుడి స్లాబు, రూ. 72,400. దీని మీద చాలామంది అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతున్నాం. రెండు వానాకాలాలుగా నీళ్లు కారి నేరుగా తల్లి భుజం మీద పడుతున్నాయి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు కదా, మన తల్లికి మాత్రం ఎందుకు, తీసేద్దాం అని కొందరు పెద్దలన్నారు. ఆ మాట తేలిగ్గా తోసేయలేదు. మన తల్లీ ఒకప్పుడు వేపచెట్టు నీడనే ఉండేది. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ చెట్టుని వేళ్లతో పెకలించేసింది. ఇప్పుడున్నది తర్వాత నాటిన మొక్క, దాని నీడ ఇంకా అరుగు దాకా కూడా రాదు. నీడ లేకుండా తల్లిని ఎండలో ఉంచడానికి మాకు మనసొప్పలేదు. పాత పెచ్చులు కొట్టించి, తుప్పు పట్టిన చువ్వలు మార్చి, పైన నీరు దిగని పూత వేయించాం.

గేటుకి రూ. 58,000. సముద్రపు గాలికి ఇనుప గేటు ఎన్నిసార్లు రంగు వేసినా పొరలు పొరలుగా రాలిపోయింది. స్టీలులో 202 రకం చవకే గానీ మన ఊరి ఉప్పుగాలికి తొందరగా మరకలు పడుతుంది. అందుకే 304 రకం తీసుకున్నాం. దీన్నీ నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. ఆ పని కుర్రాళ్లు ఒప్పుకున్నారు.

తప్పెటగుళ్ల బృందానికి, డప్పులవాళ్లకి రూ. 32,000. డీజే పెడదామన్న మాట వచ్చింది. పండగ ముందురోజు, తొలేళ్ల రాత్రి గుండెకి తప్పెట కట్టుకుని, కాళ్ల గజ్జెలు ఒక్కలా మోగుతుంటే మన పిల్లలు ఎలా చూస్తూ నిలబడిపోయారో మీరే చూశారు. ఈ ఖర్చు తగ్గించాలని మాకు లేదు.

పూజారి గారి సంభావన, పూలు, పూజాసామగ్రి రూ. 41,350. షామియానా, లైట్లు, మైకు రూ. 36,500. ఇందులో రూ. 4,500కి బిల్లు లేదు. రాత్రికి రాత్రి జనరేటరు తెప్పించి, రసీదు తీసుకోవడం మరిచాం. తప్పు మాదే, క్షమించండి. ఇకపై రసీదు చేతికి రాకుండా డబ్బు ఇవ్వం. అన్నసమారాధనకి రూ. 54,870 అయింది, అంటే విడిగా వచ్చింది చాలక సాధారణ చందాల్లోంచి రూ. 16,370 వాడాం. ఏడాది పొడుగునా నిత్యదీపం, కరెంటు రూ. 9,180.

మొత్తం ఖర్చు రూ. 3,04,300. నిల్వ రూ. 28,355 బ్యాంకు ఖాతాలో ఉంది. ఇద్దరు సంతకం పెడితేనే తీయగలం.

ఈ నిల్వతో, తల్లికి సమర్పించే ముర్రాటల నీళ్లు పోయే కాలువ బాగు చేయిద్దామని మా ఆలోచన. పసుపునీళ్లు, వేపాకులు మెట్ల దగ్గరే నిలిచి, బిందెలతో వచ్చిన ఆడవాళ్లు ఈసారి ఇద్దరు జారిపడ్డారు. నాగులచవితికి పుట్ట దగ్గర పాలు పోసేటప్పుడూ అక్కడే బురద. వచ్చే మంగళవారం సాయంత్రం గుడి దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం, వీలైనంతమంది రండి. బిల్లులు, పుస్తకాలు అప్పుడు అక్కడే ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు.

ఒక్క సంగతి మిగిలింది. తొలేళ్ల నాడు ఫోనులో రూ. 1,116 వచ్చింది, పేరు పడలేదు. చందాల్లో కలిపాం గానీ రసీదు పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది. పంపినవారు పేరూ గోత్రమూ చెబితే రాసుకుంటాం.

ఇట్లు,
ఆలయ కమిటీ, విశాఖపట్నం